కుందేలు జాడ

గిరిజకి లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. తను ఒక్క క్షణం అటు తిరిగేసరికి నాలుగేళ్ళ ఈషా కింద పడిన ఏ వస్తువో నోట్లో వేసుకుని ఊపిరాడక పోతుందేమోనని. ఆ భయం పొద్దున కళ్ళు తెరవగానే మొదలవుతుంది, పిల్ల నిద్రపోయాక కూడా పక్కనే కూర్చుని ఉంటుంది. అందుకే ఏ గదిలోకి వెళ్ళినా గిరిజ చూపు మనుషుల మొహాల మీదికి పోదు, ముందు నేల మీదికి పోతుంది. గుండీలు, పిన్నులు, గుండ్రటి చిన్న బ్యాటరీలు, వేరుశనగ గింజలు. జర్మనీలో డెగ్గెన్‌డార్ఫ్ అనే ఊళ్ళోని తెలుగువాళ్ళు ఆమెను 'డిటెక్టివ్ అక్క' అనడానికి సగం కారణం ఆ చూపే. మిగతా సగం ఏమిటంటే, ఎదుటివాళ్ళు అబద్ధం చెబితే ఆమె ఇట్టే పట్టేస్తుంది.

ఆ శనివారం పొద్దున ఉదయశ్రీ ఫోన్ చేసేసరికి గిరిజ పొయ్యి దగ్గర ఉంది.

"అక్కా, కుందేలు పోయిందక్కా!"

"ఎటు పోయిందే? సక్కగ చెప్పు."

"వర్క్‌షాప్‌ల లేదు. రాత్రి నా చేతులతోని పండబెట్టి వచ్చిన. ఇప్పుడు చూస్తే ఇసుక మాత్రమే ఉన్నది." అంటూ ఆ పిల్ల గొల్లుమంది.

దోసె పెనం మీదే ఉండిపోయింది. మొగుడు ఆ వేళ ఆఫీసు పని మీద లాప్‌టాప్‌కి అతుక్కుని కూర్చున్నాడు, శనివారం కాబట్టి పిల్లల్ని చూసుకునే కీటా కూడా లేదు. గిరిజ ఈషాని చంకనేసుకుని బయల్దేరింది.

కుందేలంటే ప్రాణమున్న కుందేలు కాదు. ఉదయశ్రీ, శ్రీహర్ష అనే ఇద్దరు ఎం.ఎస్. విద్యార్థులు రెండేళ్ళు కూర్చుని కట్టిన రోవర్. ఆరు చక్రాలు, వీపు మీద సోలార్ పలక, మెడ మీద కెమెరా. చందమామలో కనిపించే కుందేలు పేరు పెట్టారు గానీ, నడక మాత్రం తాబేలుదే. పాకే పిల్ల కూడా దాన్ని దాటేసి వెనక్కి తిరిగి నవ్వగలదు.

సరిగ్గా ఇదే ఆగస్టు ఇరవై మూడున, రెండేళ్ళ కిందట, చంద్రయాన్ చంద్రుడి మీద దిగింది. దాని కడుపులోంచి ప్రజ్ఞాన్ అనే చిన్న రోవర్ బయటికి వచ్చి అక్కడి పగలంతా తిరిగింది. చంద్రుడి మీద రాత్రి మన లెక్కలో రెండు వారాలు. ఆ రాత్రి రాబోయే ముందు దాన్ని నిద్రపుచ్చారు. తెల్లవారాక లేస్తుందేమోనని దేశమంతా ఎదురుచూసింది. లేవలేదు. అప్పుడు పట్టుకుంది ఉదయశ్రీకి పంతం. చీకట్లో నిద్రపోయి, వెలుగు తగలగానే తనంతట తానే లేచి నడిచే బండి చేసి తీరాలని.

చేసింది. దాన్ని చూడటానికే మ్యూనిక్ నుంచి ఒక కంపెనీ మేడమ్, ఫ్రౌ లిండ్నర్, ఆ మధ్యాహ్నం వస్తోంది. చంద్రయాన్ దిగినప్పుడు జర్మనీలో రెండు ముప్పై నాలుగు. అదే వేళకి కుందేలు లేచి నడిస్తే ఉదయశ్రీకి ఉద్యోగం. నడవకపోతే, వచ్చే నెలతో వీసా అయిపోతుంది, పెట్టె సర్దుకుని వరంగల్ బస్సెక్కాలి. అంతే సంగతి.

*

గిరిజ వెళ్ళేసరికే వర్క్‌షాప్ గుమ్మంలో విశ్వనాథం గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. గుంటూరు జిల్లాలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, కొడుకు దగ్గరికి మూడు నెలల వీసా మీద వచ్చిన మనిషి. వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో దొంగలు లేరని ఆయనకి ఒకటే దిగులు.

"ఏవమ్మా డిటెక్టివూ, పొయ్యి కట్టేసే వచ్చావా?"

"పొయ్యి కట్టేసిన బాబాయ్ గారూ. దోసె మాడిపోయింది."

"ఇక్కడ నీకేం పని లేదు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు నాది. గుమ్మంలో నిలబడే తేల్చేశా. ఇది ఇంటిదొంగ పని." ఆయన గడ్డంతో శ్రీహర్షని చూపించారు. కుర్రాడు మూల స్టూలు మీద కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు. "తలుపు తీసే కార్డులు రెండే. ఒకటి ఈ అమ్మాయిది, ఒకటి వీడిది. నిన్న సాయంత్రం ఇద్దరూ పోట్లాడుకున్నారు. బండిని సంచీలో వేసుకుని ఎటో దాటించేశాడు. రెండు తగిలిస్తే కక్కేస్తాడు."

"ఇక్కడ తగిలించరాదు అంకుల్," అంది ఉదయశ్రీ కళ్ళు తుడుచుకుంటూ.

"తెలుసమ్మా. అదే నా బాధ."

గిరిజ నేల చూసింది. గది బయటి నేలకి సమంగానే ఉంది, మెట్లు లేవు. ముందు తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. వెనక తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకుని పచ్చికలోకి దారితీస్తుంది. కిటికీలకి రోలాడెన్ షట్టర్లు కిందిదాకా దింపి ఉన్నాయి, అందువల్ల పట్టపగలే గది గుహలా ఉంది. మధ్యలో బూడిదరంగు ఇసుక పోసిన పెద్ద చెక్కతొట్టి, దానికి ఒక పక్క దిగడానికి వాలుబల్ల.

"వెనక తలుపు చూసినరా బాబాయ్ గారూ?"

"చూడకుండా ఉంటానా? నేను వచ్చేసరికి బార్లా తెరిచుంది. మూసుకుపోకుండా ఇటుక పెట్టారు, నేనే తీసి మూశా." ఆయన గొంతులో గర్వం. "ఆ సంగతి ఈ పిల్లలు గమనించనే లేదు."

"మంచిగ పట్టిన్రు," అంది గిరిజ, నిజంగానే. తర్వాత శ్రీహర్ష ఎదురుగా కూర్చుంది.

"పొద్దుగాల ఎన్నింటికి వచ్చినవ్ తమ్మీ?"

"ఆరింటికక్కా."

"ఎందుకు?"

"బ్యాటరీ చూద్దామని."

"చూసినవా?"

"చూశా. ఫుల్‌గా ఉంది."

"లైటు వేసినవా?"

"అయ్యో, లైటు వేస్తానా! వెలుగు తగిలితే అది లేచిపోద్ది కదా. అందుకేగా రోలాడెన్ దింపింది."

"మరి చీకట్ల బ్యాటరీ ఎట్ల చూసినవ్?"

"ఫోన్ లైటుతో..." అన్నాడు, అని నాలుక కరుచుకున్నాడు.

"ఫోన్ లైటు వెలుగు కాదా?"

శ్రీహర్ష విశ్వనాథం గారి వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు. గిరిజకి తెలిసిపోయింది. అబద్ధమే. కానీ దొంగ భయం కాదు అది. ఎవరికో మాటిచ్చినవాడి భయం.

"ఏంటి ఆ చూపులు? చెప్పరా!" అని విశ్వనాథం గారు టేబుల్ మీద గుద్దారు.

"మీరు గుద్దకుండ్రి. టేబులే బెదిరిపోతున్నది," అంది గిరిజ.

అప్పుడే వెనక నుంచి ఈషా గొంతు సంబరంగా వినిపించింది. "మమ్మా, బోన్‌బోన్!"

గిరిజ గిర్రున తల తిప్పింది. పిల్ల ఇసుకతొట్టి పక్కన కూర్చుని తెల్లటి బిళ్ళముక్క ఒకటి వేళ్ళతో పట్టుకుని నోటి దాకా తెచ్చింది. గిరిజ స్టూలు మీంచి లేచిందో ఎగిరిందో ఆమెకే తెలియదు. ముక్క లాక్కుని, పిల్ల నోరు తెరిచి వేలు పెట్టి తడిమి, నాలుక కింద చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. ఈషా జర్మన్‌లో గట్టిగా నిరసన తెలిపింది. తన బోన్‌బోన్ మిఠాయి తనకిచ్చెయ్యాలట.

గిరిజ ఆ ముక్కని వాసన చూసింది. కళ్ళల్లోకి వెలుగొచ్చింది.

"కర్పూరం."

"ఏంటి?" అంది ఉదయశ్రీ.

గిరిజ అప్పటికే మోకాళ్ళ మీద ఉంది. వాలుబల్ల అంచున ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. కుంకుమ. దాని పక్కన చితికిన నిమ్మకాయ ఒకటి, కొంచెం అవతల ఇంకొకటి. వాటి రసం మీదుగా చక్రాల గుర్తులు వాలుబల్ల దిగి, గచ్చు మీద జిగటగా సాగి, వెనక తలుపు దాకా వెళ్ళాయి.

"బాబాయ్ గారూ, సంచీల వేసుకుని పోతే ఈ గుర్తులు ఎందుకు పడతయ్?"

విశ్వనాథం గారు వంగి చూశారు. మొహం ఎర్రబడింది. "నిమ్మకాయలు, కుంకుమ, కర్పూరం! క్షుద్రపూజ! ఈ ఊళ్ళో కూడానా! ఎవడో చేతబడి చేశాడమ్మా!"

"బండికి చేతబడి ఎవరు చేస్తరు? ఇది వాహన పూజ. మీ ఇంట్ల కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదా?"

"ఎందుకు పెట్టం? నా జీపు మారినప్పుడల్లా మా ఆవిడ..."

ఆయన నోరు అక్కడే ఆగిపోయింది. శ్రీహర్ష రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మా ఆవిడ," అన్నారు విశ్వనాథం గారు మళ్ళీ, ఈసారి చాలా నెమ్మదిగా. "పొద్దున ఐదున్నరకే వాకింగ్‌కి అని వెళ్ళింది. పదేళ్ళుగా వాకింగ్‌కి రమ్మంటే రాని మనిషి."

*

విశ్వనాథం గారి భార్య సుభద్ర గారు పులిహోర గిన్నెతో వచ్చారు. మధ్యాహ్నం వేడుకకి వండుతున్నది అలాగే ఎత్తుకొచ్చారు. సంగతి వినగానే ఆవిడ తగ్గలేదు సరికదా, కొంగు దోపుకున్నారు.

"అవును, నేనే చేశా. చేస్తే ఏంటంట? మన దేశంలో అంతంత చదువుకున్న సైంటిస్టులే రాకెట్టు వదిలే ముందు చిన్న నమూనా తీసుకెళ్ళి వెంకన్న పాదాల దగ్గర పెట్టి వస్తారు. మన పిల్లల బండికి ఒక నిమ్మకాయ కూడా నోచుకోలేదా?"

"వద్దని గ్రూపులో పెట్టిన కద ఆంటీ!" అంది ఉదయశ్రీ. "పొగ వస్తే గంట మోగుతది, ఫొయర్‌వేర్ వాళ్ళ ఫైరింజన్లు వచ్చి వాలుతయ్ అని..."

"నేను హామీ ఇచ్చానే!" అన్నారు విశ్వనాథం గారు. "పూజలు గీజలు ఉండవు, నాది పూచీ అని నలుగురి ముందూ చెప్పాను!"

"మీ హామీలు నన్నడిగి ఇచ్చారా?"

గిరిజ నవ్వు ఆపుకుంది. "పిన్నీ, కోపం లేకుంట మొదటి నుంచి చెప్పు. నువ్వు లోపలికి ఎట్ల వచ్చినవ్?"

"హర్షని బతిమాలా. మీ అంకుల్‌కి చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. కొబ్బరికాయ లోపల కొడితే చప్పుడవుద్దని, బయట కొట్టుకు రమ్మని వాణ్ణి ముందు గుమ్మంలోంచి పంపా. ఈలోపు బొట్టు పెట్టి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, హారతి వెలిగించా. రెండుసార్లు తిప్పానో లేదో, పొగ గంట గుర్తొచ్చింది. పళ్ళెం పట్టుకుని వెనక తలుపు తీసుకుని బయటికి పోయా. తలుపు పడిపోకుండా ఇటుక పెట్టా."

"మళ్ళ లోపలికి వచ్చినవా?"

"రాలేదమ్మా. గాలికి కర్పూరం ఆరిపోయింది. పొయ్యి మీద చింతపండు గుజ్జు పెట్టొచ్చానని గుర్తొచ్చింది. అట్నుంచటే ఇంటికి పరిగెత్తా. బండి హర్ష దగ్గరుందిలే అనుకున్నా."

"నేను ఆంటీ తీసుకెళ్ళారనుకున్నా," అన్నాడు శ్రీహర్ష బిక్కమొహంతో. "ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి తెస్తారేమోనని. పదిసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. అంకుల్ ఎదురుగా ఎట్టా చెప్పను?"

"పిన్నీ, ఒక్కటే మాట అడుగుత. నిమ్మకాయలు పెట్టినంక బండిని ముందుకు తోసినవా?"

"తొయ్యలేదు. పాడవుద్దేమోనని బొట్టు పెట్టేటప్పుడు కూడా వేలి కొసతో పెట్టా."

"మరి నిమ్మకాయలు ఎవరు తొక్కిన్రు?"

సుభద్ర గారు వంగి చితికిన నిమ్మకాయని చూశారు.

"హారతి పట్టుకుని పోయేటప్పుడు వెనక్కి చూసినవా?"

"దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తా గానీ, వెనక్కెందుకు చూస్తాను?"

గిరిజ లేచి నిలబడింది. "ఎవ్వరు ఎత్తుకపోలే. నువ్వు ముందు నడిచినవ్ పిన్నీ, కుందేలు నీ వెనక నడిచింది. హారతి వెలుగు చూసి తెల్లారిందనుకున్నది."

ఉదయశ్రీ రెండు చేతులూ తల మీద పెట్టుకుని గది మధ్యలో గిర్రున తిరిగింది.

"లేచింది! హర్షా, లేచిందిరా! ఒక్క కర్పూరం బిళ్ళకి లేచింది! మనం పెద్ద పెద్ద లైట్లు పెట్టి మూడు నెలలు కొట్టుకున్నం కద!"

ఆ పిల్ల వెళ్ళి సుభద్ర గారిని పులిహోర గిన్నెతో సహా కావలించుకుంది. శ్రీహర్ష ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఈషా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టింది. విశ్వనాథం గారు మాత్రం గడియారం చూశారు.

"సంబరాలు తర్వాత. ముద్దాయి పరారీలో ఉంది. సూర్యుడు తూర్పున లేచాడు, అది తూర్పుకే పోయుంటుంది. పదండి."

"పొద్దున తూర్పుకే పోయింటది," అంది గిరిజ. "కానీ సూర్యుడు ఒక్క దగ్గర ఉంటడా బాబాయ్ గారూ? ఉదయా, వెలుగు జరిగితే అదీ జరుగుతదా?"

"జరుగుతదక్కా. ఎటు వెలుగెక్కువుంటే అటే తిరుగుతది. రాయి అడ్డమొస్తే చుట్టు తిరిగి పోతది. నీడల పడితే ఆగి, మళ్ళ ఎండ వచ్చేదాకా కూసుంటది."

"అంటే ముందు తూర్పు, తర్వాత దక్షిణం. మధ్యాహ్నం దాటినంక..."

ఆ వాక్యం పూర్తిచేసింది విశ్వనాథం గారే. రోజూ పొద్దున డాన్యూబ్ నది కట్ట మీద నడిచే మనిషి, దిక్కులు ఆయనకి కొట్టినపిండి. మొహంలో పోలీసుతనం పోయి, కలవరం వచ్చింది.

"మధ్యాహ్నం దాటాక సూర్యుడు డాన్యూబ్ మీదికి వాలతాడమ్మా. ఆ బండి తిన్నగా ఏట్లో దిగుద్ది."

*

పచ్చికలో జాడ పట్టడం మొదట కష్టమైంది. తర్వాత చెట్ల నీడలు చూసుకుంటూ, ఎండ పడిన చోటల్లా వెతుక్కుంటూ పోతే, తడి మట్టిలో అక్కడక్కడా ఆరు చక్రాల గాట్లు కనిపించాయి. ఒకచోట గుండ్రంగా తిరిగిన గుర్తు. అక్కడ మబ్బు పట్టి ఉంటుందని శ్రీహర్ష అన్నాడు. జాడ తూర్పుకి కొంత పోయి, విల్లులా వంగి, సైకిళ్ళ బాట పట్టుకుని కట్ట ఎక్కింది. కట్ట ఎక్కిందని తెలిసి ఉదయశ్రీ గర్వపడాలో భయపడాలో తెలియక "ఎక్కిందక్కా, ఇంత వాలు ఎక్కింది" అని గొణుక్కుంది.

ఒంటిగంట దాటాక దొరికింది. కట్టకి అవతల, ఏటి ఒడ్డున గులకరాళ్ళ మీద. ముందు చక్రాలు తడిసిపోయాయి. వీపు మీద బొట్టు, ఎండలో మెరుస్తూ, ఎవరో పిలిచినట్టు నీళ్ళలోకి ఒక్కొక్క అంగుళమే జరుగుతోంది.

"చేత్తో పట్టుకోవద్దు, చక్రాలు తిరుగుతున్నయ్, గేర్లు విరుగుతయ్!" అని అరిచింది ఉదయశ్రీ. "నీడ కావాలె! దానికి సూర్యుడికి మధ్యల ఎవరన్న నిలబడాలె!"

మధ్యలో అంటే నీళ్ళే. అందరూ చెప్పుల వంక చూసుకుంటుండగా, సుభద్ర గారు పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి మోకాలిదాకా డాన్యూబ్‌లో దిగిపోయారు. వెనక్కి తిరిగి, సూర్యుడికి వీపు పెట్టి, కొంగు రెండు చేతులా చాచి నిలబడ్డారు.

"ఆగు తల్లీ, ఆగు! పొద్దుగూకింది, పడుకో!"

నీడ పడింది. కుందేలు ఇంకొక్క అంగుళం జరిగి, ఆలోచించినట్టు ఆగి, చక్రాలు నిలిపేసింది.

విశ్వనాథం గారు భార్యని ఒడ్డుకి చెయ్యిచ్చి లాగారు. "నా సర్వీసులో నిందితుడే నేరస్థుణ్ణి పట్టిచ్చిన కేసు ఇదే మొదటిది," అన్నారు. ఆవిడ ఆయన చొక్కాకి చేతులు తుడిచారు.

రోవర్‌ని ఎత్తుకునేటప్పుడు గిరిజ ఒకటి గమనించింది. కెమెరా మెడకి నీలం గళ్ళ చేతిరుమాలు కట్టి ఉంది.

"ఇది నువ్వే కట్టినవా పిన్నీ?"

"నేను కాదు. ఎవరో మనలాంటివాళ్ళే అయ్యుంటారు. బొట్టు చూసి, దిష్టి తగలకుండా గుడ్డ కట్టారు పాపం," అన్నారు సుభద్ర గారు సంతోషంగా.

అందరికీ అది నచ్చింది. టైము లేదు. కుందేలుని గదికి తెచ్చి, జిగట తుడిచి, దుప్పటి కప్పి, నిద్రపుచ్చే పని మొదలుపెట్టారు. దానికే గంట పడుతుంది. ముందు వాకిట్లో కుర్చీలు వేశారు, చిన్న జెండాలు కట్టారు. ఫ్రౌ లిండ్నర్ వచ్చి పులిహోర రెండోసారి పెట్టించుకుంది.

గిరిజకి మాత్రం పులిహోర దిగలేదు. చేతిలో ఆ రుమాలు తిప్పుతూ కూర్చుంది. ముడి చాలా గట్టిగా ఉంది. ఒక కొస నమిలినట్టు ముడతలు పడి, తడిసి ఆరింది. ఒక చెయ్యి పనిచెయ్యనివాళ్ళు పళ్ళతో లాగి ముడి వేస్తే అలా ఉంటుంది.

ఆమె లేచి ఉదయశ్రీ దగ్గరికి వెళ్ళింది.

"కుందేలు దారిపొడుగునా ఫోటోలు తీసి ఉంటదా?"

"తీసుంటదక్కా. లోపలే దాచుకుంటది. రేపు చూద్దాం."

"ఇప్పుడే చూడాలె."

"ఇప్పుడా? ఇంకో పది నిమిషాలే ఉన్నది! తెరవాలంటే లేపాలె. లేపితే మళ్ళ పండబెట్టేసరికి గంట. ఆమెది మూడింటికి ట్రెయిన్. అక్కా, నా నౌకరి పోతది!"

"నాకు తెల్సు. తెల్సే అడుగుతున్న." గిరిజ రుమాలు ముడి చూపించింది. "ఆడుకునే పిల్లలైతే బండినే ఎత్తుకపోతుండె. పళ్ళతోని గుడ్డ కట్టి వదిలిపెట్టిన్రంటే, ఈ బండి ఎవరి దగ్గరికన్న పోవాలని. నా అనుమానం తప్పైతే నువ్వు నన్ను జన్మల క్షమించకు."

ఉదయశ్రీ దుప్పటి వైపు చూసింది. బయట కుర్చీల వైపు చూసింది. పెదవి కొరుక్కుని, ఒక్క గుంజు గుంజి దుప్పటి తీసేసింది.

లాప్‌టాప్ తెర మీద మొదట బంగారు ముద్దలాంటి వెలుగు. హారతి. తర్వాత సుభద్ర గారి మడమలు. పచ్చిక. సైకిల్ చక్రం. ఒక బాతు, మరీ దగ్గరగా, అనుమానంగా. కట్ట. ఏటి ఒడ్డు. ఆ తర్వాతి ఫోటోలో తెర నిండా ఒక అరచెయ్యి.

దాని తర్వాతది చూసి అందరూ తెర మీదికి వంగారు. తెల్ల మీసాల ముసలాయన ఒకాయన, పొదల కింద రాళ్ళ మీద పక్కకి పడి ఉన్నాడు. చెంప రాయికి ఆనుకుని ఉంది. ఒక కాలు ఉండాల్సిన వైపు లేదు. నోరు తెరిచి కెమెరాతో ఏదో చెబుతున్నాడు.

"ఈ రాళ్ళు నాకు తెల్సు," అంది గిరిజ. "జారుతయని ఈషాని ఎన్నడు అటు పోనియ్య. కట్ట మీదికెళ్ళి చూస్తే కనబడదు. నడువుండ్రి!"

ఉదయశ్రీ వాకిలి దాటుతూ ఫ్రౌ లిండ్నర్‌తో జర్మన్‌లో ఒక్కటే మాట చెప్పింది, మనిషి పడిపోయాడని. సంజాయిషీ చెప్పలేదు, ఆగలేదు. సరిగ్గా రెండు ముప్పై నాలుగుకి వేడుక జరగాల్సిన వాకిట్లో కుర్చీలు తప్ప ఎవరూ లేరు. అందరూ కట్ట మీద పరిగెడుతున్నారు. మ్యూనిక్ మేడమ్ మడమల చెప్పులు చేతపట్టుకుని అందరికంటే ముందుంది.

ముసలాయన అక్కడే ఉన్నాడు. ఇందాక వీళ్ళు కుందేలుని పట్టుకుని కేకలు వేసిన చోటికి ఎంతో దూరం కాదు, పొదలు అడ్డం, అప్పుడాయన స్పృహలో లేడట. కళ్ళు తెరిచి ఇంతమందిని చూశాడు. నీళ్ళోడుతున్న పట్టుచీరని చూశాడు.

"గ్రూస్ గాట్," అని మర్యాదగా నమస్కారం చెప్పాడు. తర్వాత శ్రీహర్ష చంకలో ఉన్న కుందేలుని చూసి, "నేను చాలాసేపు చెప్పాను దానికి. ఒక్క ముక్క జవాబు చెప్పలేదు. కానీ వెళ్ళి చెప్పిందన్నమాట!" అని నవ్వబోయి, నొప్పికి మూలిగాడు.

"కాలు కదపకండి, ఎవరూ కదపకండి!" విశ్వనాథం గారు తెలుగులోనే ఆజ్ఞాపించారు, విచిత్రంగా అందరికీ అర్థమైంది. ఆయన తన చొక్కా విప్పి పెద్దాయన తల కింద పెట్టి, బనియనుతో ఎండకి అడ్డంగా కూర్చుని, ఆయన మంచి చెయ్యి పట్టుకున్నారు. ఆంబులెన్స్ వచ్చేదాకా వదల్లేదు.

ఆయన పేరు హెర్ ఐగ్నర్. పొద్దున ఏటి గాలి కోసం వచ్చి జారాడట. ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. మోకాలు, ముంజెయ్యి విరిగాయని, మిగతాదంతా బాగానే ఉందని ఆంబులెన్స్ పిల్ల చెప్పింది. స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు ఆయన రుమాలు ఆయనకిచ్చి, "ఇంట్లో ఎవరికి చెప్పాలి?" అని గిరిజ అడిగింది.

"ఎవరూ లేరు," అన్నాడు ఆయన, అదేమంత పెద్ద సంగతి కానట్టు. "మంగళవారం పేకాటకి వెళ్తాను. రాకపోతే అప్పుడు అడిగేవాళ్ళు, ఐగ్నర్ ఏడీ అని."

ఆ రోజు శనివారం.

ఆంబులెన్స్ కదిలాక ఫ్రౌ లిండ్నర్ చెప్పులు వేసుకుంటూ ఉదయశ్రీ భుజం మీద చెయ్యి వేసింది. "నిద్రలేచి నాలుగడుగులు వేస్తుందా అని చూడటానికి వచ్చాను. ఇది లేచి, కట్ట ఎక్కి, మనిషిని బతికించి వచ్చింది. సోమవారం పొద్దున నాకు ఫోన్ చెయ్యి. ఇల్లు మ్యూనిక్‌లో ఇప్పటి నుంచే వెతుక్కో, దొరకడం కష్టం." ఉదయశ్రీ వేసిన కేకకి ఏట్లో బాతులు లేచిపోయాయి. సుభద్ర గారు కుందేలుకి మళ్ళీ దిష్టి తీస్తానంటే ఈసారి ఎవరూ వద్దనలేదు.

గిరిజ మాత్రం ఈషాని గట్టిగా పట్టుకుని కట్ట మీద అలాగే నిలబడింది. మంగళవారం అన్న మాట ఆమె చెవుల్లోంచి పోలేదు. శనివారం నుంచి మంగళవారం దాకా ఒక మనిషి కనబడకపోతే, ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇది చదువుతున్న మీ ఇంటి మెట్ల మీద, మీ పక్కవాటాలో, ఒక్కరే ఉండే పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇవాళ వాళ్ళు కనిపించారా? పుస్తకం ఇక్కడ బోర్లా పెట్టండి. ఒక్కసారి వెళ్ళి తలుపు కొట్టి చూసి రండి.